పాత 486లో నెట్‌వేర్, టీసీపీ/ఐపీ రెండూ పక్కపక్కనే నడపాలి – ఒకటే కార్డుతో అవుతుందా?

మిల్లుకాటా (మిర్యాలగూడ)

అందరికీ నమస్కారం. మా రైస్ మిల్లులో వే బ్రిడ్జి రూములో ఉన్న పీసీ గురించి సలహా కావాలి.

486 డీఎక్స్2-66, ర్యామ్ 16 ఎంబీ, ఎంఎస్ డాస్ 6.22. ఎన్‌ఈ2000 రకం ఐఎస్‌ఏ నెట్‌వర్క్ కార్డు ఉంది, దానికి బీఎన్‌సీ (పాత కోయాక్స్ వైరుకి), ఆర్‌జే45 (ఇప్పటి నెట్ వైరుకి) రెండు సాకెట్లూ ఉన్నాయి. ఇప్పటిదాకా బీఎన్‌సీయే వాడుతున్నాం. కాటా ఇండికేటర్ (బరువు చూపించే పెట్టె) కామ్1 అనే సీరియల్ పోర్టుకి, డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ ఎల్‌పీటీ1 అనే ప్రింటర్ పోర్టుకి కలిపి ఉన్నాయి. ఆఫీసు గదిలో నోవెల్ నెట్‌వేర్ 3.12 (పాతకాలం ఫైల్ సర్వర్ సాఫ్ట్‌వేర్) సర్వర్. కాటా ప్రోగ్రాం, వడ్ల కొనుగోలు ఖాతా రెండూ క్లిప్పర్ అనే పాత డాస్ భాషలో రాసినవి. డీబీఎఫ్ (డేటా) ఫైళ్లన్నీ సర్వర్ మీద ఎఫ్ డ్రైవ్‌లో ఉంటాయి.

ఇప్పుడు ఆఫీసుకి విండోస్ 10 పీసీ వచ్చింది. జీఎస్టీ పని, ఆడిటర్‌కి పంపే లెక్కలు అన్నీ దాంట్లోనే. రోజూ సాయంత్రం కాటా ఫైళ్లు ఫ్లాపీలో కాపీ చేసుకుని, కొత్త పీసీకి పెట్టిన యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్‌లో ఎక్కిస్తున్నాం. మంచి ఫ్లాపీలు దొరకడం లేదు. ఒక్క సెక్టారు పోయిందంటే మళ్లీ మొదటి నుంచి కాపీ చేయాలి.

నాకు కావాల్సింది ఇది: నెట్‌వేర్ లాగిన్ ఇప్పుడున్నట్టే ఉండాలి. దాని పక్కనే టీసీపీ/ఐపీ (కొత్త పీసీలు, ఇంటర్నెట్ వాడే పద్ధతి) కూడా ఉండి ఫైళ్లు కొత్త పీసీకి వైరు మీదే వెళ్లాలి. మధ్యలో రీస్టార్ట్ కుదరదు. యాసంగి వడ్లు దిగేటప్పుడు లారీల లైను గేటు దాటి రోడ్డు మీదికి వస్తుంది. ఆ టైంలో కాటా ఆగితే డ్రైవర్లు, హమాలీలు అందరూ ఆగిపోతారు.

ఒకటే కార్డు మీద రెండు నెట్‌వర్కులు నడుస్తాయా? నడిచినా కాటా ప్రోగ్రాంకి మెమరీ చాలుతుందా? అది లోడ్ కావాలంటే కన్వెన్షనల్ మెమరీ (డాస్ ప్రోగ్రాములు నడిచే మొదటి 640 కేబీ)లో 520 కేబీ దాకా ఖాళీ ఉండాలి.

కోదాడ_ఐటీ

అన్నా, సూటిగా చెప్తున్నా. ఆ 486 మీద ఇంక టైం పెట్టొద్దు. కొత్త పీసీకి యూఎస్‌బీ సీరియల్ కేబుల్ పెట్టి ఇండికేటర్‌ని దానికే కలపండి. కాటా సాఫ్ట్‌వేర్ కొత్తది రాయించండి. హార్డ్‌డిస్క్ ఈ రోజు పోతే ఏం చేస్తారు?

మిల్లుకాటా (మిర్యాలగూడ)

మీరు చెప్పింది నిజమే, సేటుతో ఆ మాట నడుస్తూనే ఉంది. కానీ అది సీజన్ అయ్యాక చేసే పని. క్లిప్పర్ సోర్స్ మా దగ్గర లేదు. తేమకి, తాలుకి, గోనె సంచి బరువుకి పట్టే కోతల లెక్కంతా ఆ ప్రోగ్రాంలోనే ఉంది. కొత్తది రాయించి, పాతదానితో పక్కపక్కన పోల్చి, రైతు చేతిలో పెట్టే చీటీలో ఒక్క కిలో కూడా తేడా లేదని తేలాకే మార్చగలం. అందాకా ఇది నడవాలి.

పాత_తీగ (మహబూబ్‌నగర్)

పాలమూరులో నెట్‌వేర్ 2.2 కాలం నుంచి ఈ పని చేశాను కాబట్టి వివరంగా రాస్తున్నా. ఒక్క కార్డుతో అవుతుంది. అయితే కార్డు మీద ఇప్పుడు ఏ డ్రైవర్ కూర్చుని ఉందో ముందు తెలియాలి.

ఆటోఎగ్జెక్ బ్యాచ్ ఫైలు తెరిచి చూడండి. అందులో ఐపీఎక్స్ డాట్ కామ్ అని ఒక్క ఫైలే ఉంటే అది పాత పద్ధతి. కార్డు డ్రైవర్, ఐపీఎక్స్ ప్రోటోకాల్ (నెట్‌వేర్ వైరు మీద మాట్లాడే పద్ధతి) రెండూ అతుక్కుపోయిన ఫైలు అది. కార్డు మొత్తం దాని గుప్పిట్లోనే ఉంటుంది, ఇంకో ప్రోటోకాల్‌కి చోటివ్వదు. అలా కాకుండా ఎల్‌ఎస్‌ఎల్, తర్వాత ఎన్‌ఈ2000, తర్వాత ఐపీఎక్స్‌ఓడీఐ, చివర వీఎల్‌ఎం లేదా నెట్‌ఎక్స్ (సర్వర్‌కి కలిపే ప్రోగ్రాం) వరసగా ఉంటే అది ఓడీఐ పద్ధతి. నోవెల్, యాపిల్ కలిసి తెచ్చిన పద్ధతి ఇది. ఒకే కార్డుని రెండు మూడు ప్రోటోకాల్స్ పంచుకోవాలన్నదే దాని ఉద్దేశం. మైక్రోసాఫ్ట్, త్రీకామ్ అదే అవసరానికి ఎన్‌డీఐఎస్ తెచ్చాయి.

కార్డుకి యజమాని ఒక్కడే ఉండాలి, ఇది గుర్తు పెట్టుకోండి. ఓడీఐ డ్రైవర్ మెమరీలో ఉండగానే అదే కార్డు మీద మామూలు ప్యాకెట్ డ్రైవర్ (డాస్‌లో టీసీపీ/ఐపీ ప్రోగ్రాములు వాడే కార్డు డ్రైవర్) లోడ్ చేశారా, రెండూ ఒకే పోర్టుని, ఒకే ఇంటరప్ట్‌ని (కార్డు ప్రాసెసర్‌ని పిలిచే లైను) లాక్కుంటాయి. మెషిన్ అక్కడికక్కడే బిగుసుకుపోతుంది.

కాబట్టి దారులు రెండు. కింద ఓడీఐ ఉంచి, దాని మీద ప్యాకెట్ డ్రైవర్‌లా కనిపించే ఓడీఐపీకేటీ అనే చిన్న ప్రోగ్రాం ఎక్కించడం ఒకటి. కింద ప్యాకెట్ డ్రైవర్ పెట్టి, దాని మీద ఓడీఐ డ్రైవర్‌లా నటించే పీడీఈథర్ ఎక్కించడం రెండోది. మీకు మొదటిదే సరి. నెట్‌వేర్ భాగాన్ని ముట్టుకోకుండా చివర ఒక్క లైను చేరుస్తాం. ఏదైనా తేడా వస్తే ఆ లైను తీసేస్తే చాలు, మళ్లీ పాత స్థితికి వస్తారు.

మిల్లుకాటా (మిర్యాలగూడ)

సార్, చూశాను. ఎల్‌ఎస్‌ఎల్, ఎన్‌ఈ2000, ఐపీఎక్స్‌ఓడీఐ, వీఎల్‌ఎం వరసగానే ఉన్నాయి. నెట్ డాట్ సీఎఫ్‌జీ ఫైల్లో ఇంటరప్ట్ 5, పోర్టు 300, ఫ్రేమ్ ఈథర్‌నెట్ 802.3 అని ఉంది.

పాత_తీగ (మహబూబ్‌నగర్)

మంచిది. సర్వర్ కన్సోల్ దగ్గర కాన్ఫిగ్ అని కొట్టి అక్కడ కూడా 802.3 అనే ఉందో లేదో చూడండి. 3.12తో నోవెల్ డిఫాల్ట్ ఫ్రేమ్‌ని 802.2కి మార్చింది. మీది 802.3 అంటే బహుశా 3.11 నుంచి అప్‌గ్రేడ్ చేసిన సర్వర్. ఏదైనా సరే, సర్వర్ వైపు ఒక్క అక్షరం కూడా మార్చొద్దు. మనకు కావాల్సిన రెండో ఫ్రేమ్ ఈ 486లో మాత్రమే.

గద్వాల_486

అన్నా, నేను పాత మెషిన్లు సరదాకి పోగేస్తాను, నెట్‌వేర్ ఎప్పుడూ ముట్టలేదు. ఈ ఫ్రేమ్ సంగతి జర చెప్తారా? ఒకటే వైరు మీద రెండు రకాల ఫ్రేములు పోతే ఒకదాన్ని చూసి ఇంకొకటి తికమక పడదా?

పాత_తీగ (మహబూబ్‌నగర్)

తమ్మీ, మంచి ప్రశ్న. ఈథర్‌నెట్‌లో ప్రతి ప్యాకెట్‌కీ ముందు 6 బైట్లు ఎవరికి వెళ్లాలో ఆ అడ్రస్, తర్వాత 6 బైట్లు ఎవరు పంపారో ఆ అడ్రస్. దాని తర్వాత 2 బైట్లు ఉంటాయి. కీలకమంతా ఆ రెండు బైట్లలోనే ఉంది.

ఈథర్‌నెట్ 2 ఫ్రేములో ఆ 2 బైట్లు లోపల ఏముందో చెప్తాయి. హెక్స్‌లో 0800 అంటే ఐపీ, 0806 అంటే ఏఆర్‌పీ (ఐపీ అడ్రస్‌ని బట్టి కార్డు అడ్రస్ వెతికేది), 8137 అంటే ఐపీఎక్స్. నోవెల్ వాడిన 802.3లో అదే చోట పొడవు ఉంటుంది. పొడవు 1500 దాటదు. రకం చెప్పే నంబర్లు 1536 నుంచి పైకే మొదలవుతాయి. కాబట్టి ఆ నంబరు చూస్తే చాలు, ఏ రకం ఫ్రేమో తేలిపోతుంది. ఆ తర్వాత నోవెల్ ఫ్రేములో ఐపీఎక్స్ హెడర్ రెండు ఎఫ్‌ఎఫ్ బైట్లతో మొదలవుతుంది, అది ఇంకో గుర్తు.

486లో ఆ నంబరు చూసేది ఎల్‌ఎస్‌ఎల్. మిల్లు గేటు దగ్గర వాచ్‌మన్ వడ్ల లారీని కాటా వైపు, ఊక ట్రాక్టర్‌ని వెనక వైపు పంపినట్టు, ఎల్‌ఎస్‌ఎల్ ఐపీఎక్స్ ప్యాకెట్‌ని ఐపీఎక్స్‌ఓడీఐకి, ఐపీ ప్యాకెట్‌ని ఓడీఐపీకేటీకి పంపుతుంది. తనది కాని ప్యాకెట్ అసలు ఎవరి దగ్గరికీ చేరదు. తికమకకి చోటెక్కడ?

జడ్చర్ల_జిన్నింగ్

మా పత్తి జిన్నింగ్ మిల్లులో కొన్నేళ్లు ఇదే పని విండోస్ 98తో నడిపాం. అందులో ఐపీఎక్స్ ప్రోటోకాల్, టీసీపీ/ఐపీ రెండూ కంట్రోల్ ప్యానెల్‌లోనే చేర్చుకోవచ్చు, ఒకే కార్డుకి రెండూ అతుక్కుంటాయి. నెట్‌వేర్ క్లయింట్ కూడా విండోస్‌లోనే ఉంది. ఫ్రేమ్ టైప్ ఆటోలో వదలకుండా సర్వర్‌కి ఉన్నదే ఎంచుకుంటే చాలు. మాకైతే చాలా హాయిగా నడిచింది.

లేదంటే రెండో కార్డు కొని పెట్టండి. పాత కార్డు బీఎన్‌సీ మీద నెట్‌వేర్‌కి, కొత్త కార్డు ఆర్‌జే45 మీద టీసీపీకి. ఎవరి డ్రైవర్ వాళ్లది, ఎవరి వైరు వాళ్లది.

మిల్లుకాటా (మిర్యాలగూడ)

విండోస్ 98 అంటే నాకు కాటా గురించే భయం. డాస్ ప్రోగ్రాం నేరుగా కామ్1 పోర్టుని చదువుతుంది. విండోస్ లోపల డాస్ విండోలో అది ఎలా ప్రవర్తిస్తుందో సీజన్‌లో పరీక్షించలేను. ఇక స్లాట్లు... మిగిలింది ఒక పొట్టి 8 బిట్ స్లాట్ మాత్రమే, ఎన్‌ఈ2000 కార్డు అందులో పట్టదు.

జడ్చర్ల_జిన్నింగ్

మాకు సీరియల్ పోర్టు పని లేదు, ఖాతాలు మాత్రమే. మీరన్నట్టు కాటా ఉన్న చోట డాస్ వదలకపోవడమే నయం. ఇంకొక్క మాట. ఇంటరప్ట్ 5 అంటే రెండో ప్రింటర్ పోర్టుది. కార్డుని 10కి మార్చుకుంటే గొడవ ఉండదు కదా?

సూర్యాపేట_సర్వీస్

వద్దు! 5లోనే ఉంచండి. మీకు ఎల్‌పీటీ2 లేదు కాబట్టి 5 ఖాళీగానే ఉంది. అసలు కారణం వేరే ఉంది, చాలామంది పట్టించుకోరు.

ఏటీ రకం పీసీల్లో ఇంటరప్ట్ కంట్రోలర్లు రెండుంటాయి. 8 నుంచి 15 దాకా ఉన్నవి రెండో దాంట్లోంచి 2 నంబరు గుండా మొదటిదానికి వస్తాయి. అందుకని ప్రాధాన్యం వరస 0, 1, తర్వాత 8 నుంచి 15, ఆ తర్వాతే 3, 4, 5, 6, 7. కామ్1ది 4. నెట్‌వర్క్ కార్డుని 10లో పెడితే అది కాటా ఇండికేటర్ కంటే పైకి వెళ్తుంది. 5లో పెడితే ఇండికేటర్ కింద ఉంటుంది.

దీనివల్ల తేడా ఏంటంటే, 9600 బాడ్‌లో ఒక అక్షరం దాదాపు ఒక మిల్లీసెకనుకి వస్తుంది. పోర్టులో ఉన్న చిప్ 8250 రకం అయితే ఒక్క అక్షరమే పట్టుకోగలదు. తర్వాతది వచ్చేలోపు ప్రాసెసర్ తీసుకోకపోతే మొదటిది పోయినట్టే. ఫైళ్లు పంపేటప్పుడు కార్డు ఇంటరప్ట్‌లు వరదలా వస్తాయి. బరువులో ఒక అంకె పోతే ఆ చీటీకి విలువేముంది? 16550 చిప్ ఉంటే లోపల 16 అక్షరాల బఫర్ ఉంటుంది, అంత టెన్షన్ లేదు. డాస్‌తో వచ్చిన ఎంఎస్‌డీ నడిపి కామ్ పోర్టుల దగ్గర చూడండి, ఏ చిప్ ఉందో రాసి ఉంటుంది.

మిల్లుకాటా (మిర్యాలగూడ)

ఎంఎస్‌డీలో 8250 అని వచ్చింది. 5ని కదపను. చాలా విలువైన మాట చెప్పారు అన్నా.

వనపర్తి_ల్యాబ్

పాలిటెక్నిక్‌లో పాత ల్యాబ్ చూసుకునేదాన్ని, మెమరీ సంగతి నేను చెప్తాను.

చాలామంది డాస్‌లో టీసీపీ/ఐపీ అనగానే మైక్రోసాఫ్ట్ నెట్‌వర్క్ క్లయింట్ 3.0 వైపు వెళ్తారు. అది పెడితే కొత్త పీసీ షేర్ ఫోల్డర్ ఒక డ్రైవ్‌లా కనిపిస్తుంది, వినడానికి బాగుంటుంది. కానీ అది కన్వెన్షనల్ మెమరీలో పెద్ద ముక్క తినేస్తుంది, పైగా అక్కడే ఉండిపోతుంది. మీ 520 కేబీ ఆశ వదులుకోవాల్సిందే. రెండో సమస్య ఇంకా పెద్దది. దానికి పాత ఎస్‌ఎంబీ 1 (విండోస్ ఫైల్ షేరింగ్ పాత పద్ధతి) కావాలి. విండోస్ 10లో 1709 వెర్షన్ నుంచి, అంటే 2017 నుంచి, కొత్తగా ఇన్‌స్టాల్ చేస్తే అది రాదు. ఆ ఏడాది మే నెలలో ప్రపంచమంతా పాకిన వానాక్రై వైరస్ అందులోని లోపం పట్టుకునే పాకింది. జీఎస్టీ లెక్కలు ఉన్న పీసీలో ఒక పాత డాస్ మెషిన్ కోసం ఆ తలుపు తెరవొద్దు.

దానికి బదులు ఎంటీసీపీ వాడండి. మైకేల్ బ్రూట్‌మన్ రాసి ఉచితంగా ఇచ్చిన డాస్ ప్రోగ్రాముల గుంపు అది. పింగ్ (అవతలి మెషిన్ పలుకుతుందో చూసేది), ఎఫ్‌టీపీ (ఫైళ్లు పంపేది), డీహెచ్‌సీపీ (ఐపీ అడ్రస్ అడిగి తెచ్చేది), ఇంకా చాలా ఉన్నాయి. దాని అందం ఏంటంటే టీసీపీ/ఐపీ అంతా ప్రతి ప్రోగ్రాం లోపలే ఉంటుంది. ఎఫ్‌టీపీ నడిపినంత సేపే మెమరీ తీసుకుంటుంది, బయటికి రాగానే మొత్తం తిరిగి ఇచ్చేస్తుంది. ఎప్పుడూ మెమరీలో ఉండేది ఓడీఐపీకేటీ ఒక్కటే, అది కొన్ని కేబీలే. ఎగువ మెమరీలో (640 కేబీకి పైన) చోటుంటే లోడ్‌హైతో అక్కడికి పంపండి. ముందూ తర్వాతా మెమ్ /సీ కొట్టి పోల్చి చూసుకోండి.

ఒక చిన్న సందేహం. ఫైళ్లు ఎలాగూ సర్వర్ మీదే ఉన్నాయి కదా, మిగతా వర్క్‌స్టేషన్లలో దేనిలోనైనా ఈ పని చేయొచ్చు. కాటా పీసీయే ఎందుకు?

మిల్లుకాటా (మిర్యాలగూడ)

మేడం, మిగతా రెండూ డిస్క్ లేని మెషిన్లు. కార్డు మీది బూట్ రోమ్‌ చిప్‌తో సర్వర్ నుంచే లేస్తాయి. పైగా రాత్రి దాకా వాటిలో ఎంట్రీలు నడుస్తూ ఉంటాయి. కాటా సాయంత్రం మూసేస్తాం. రోజు ఫైలు మూసే పని కూడా ఈ పీసీలోనే జరుగుతుంది.

వనపర్తి_ల్యాబ్

అయితే సరే. డాస్‌లో ఒకసారికి ఒకటే ప్రోగ్రాం నడుస్తుంది కాబట్టి ఎఫ్‌టీపీ నడిచేటప్పుడు కాటా ప్రోగ్రాం ఆగి ఉంటుంది. మీరు ఎలాగూ కాటా మూశాకే పంపుతారు. రెండు ప్రోటోకాల్స్ మాత్రం నిజంగా ఒకేసారి పని చేస్తాయి. ఎఫ్‌టీపీ ఎఫ్ డ్రైవ్‌లోంచి ఒక ముక్క చదవగానే అది ఐపీఎక్స్ మీద సర్వర్ నుంచి 486కి వస్తుంది, అదే ముక్క మరుక్షణం టీసీపీ మీద అదే కార్డులోంచి కొత్త పీసీకి వెళ్తుంది.

పంపేటప్పుడు బైనరీ మోడ్ పెట్టుకోవడం తప్పనిసరి. టెక్స్ట్ మోడ్‌లో వెళ్తే డీబీఎఫ్ పాడవుతుంది. ఎన్‌టీఎక్స్ ఇండెక్స్ ఫైళ్లు పంపక్కర్లేదు. రోజు ఫైలు మూశాకే పంపండి. ఇంకొకరు ఎంట్రీ చేస్తున్న ఫైలు మధ్యలో కాపీ చేస్తే సగం పాతది, సగం కొత్తది వస్తుంది.

పాత_తీగ (మహబూబ్‌నగర్)

మేడం చెప్పినదానికి నేను రెండు విషయాలు కలుపుతా. అసలు చిక్కులు ఇక్కడే వస్తాయి.

నెట్ డాట్ సీఎఫ్‌జీలో ఇప్పుడున్న 802.3 ఫ్రేమ్ లైను కింద ఈథర్‌నెట్ 2 ఫ్రేమ్ లైను చేర్చండి. పైన కాదు, కిందే. ఈథర్‌నెట్ 2 ముందుంటే ఐపీఎక్స్‌ఓడీఐ వెళ్లి దానికి అతుక్కునే ప్రమాదం ఉంది. అప్పుడు సర్వర్ 802.3లో మాట్లాడుతుంటే మీ మెషిన్ ఇంకో ఫ్రేములో అడుగుతూ ఉంటుంది, ఫైల్ సర్వర్ దొరకలేదని మెసేజ్ వస్తుంది.

ఓడీఐపీకేటీకి రెండు నంబర్లు ఇవ్వాలి. మొదటిది ఏ ఫ్రేము. లెక్క 0 నుంచి మొదలు కాబట్టి రెండో లైనులో ఉన్న ఈథర్‌నెట్ 2కి 1 ఇవ్వాలి. రెండోది సాఫ్ట్‌వేర్ ఇంటరప్ట్, దాన్ని దశాంశంలో ఇవ్వాలి, 96. ఎంటీసీపీ కాన్ఫిగ్ ఫైల్లో మాత్రం అదే నంబరు హెక్స్‌లో, 0ఎక్స్60 అని. 96, హెక్స్ 60 రెండూ ఒకటే. అక్కడా ఇక్కడా 60 అని రాస్తే ప్యాకెట్ డ్రైవర్ కనిపించదు.

ఎంటీసీపీ కాన్ఫిగ్ ఫైలు ఎక్కడుందో ఆటోఎగ్జెక్‌లో ఎంటీసీపీసీఎఫ్‌జీ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌తో చెప్పాలి. ఐపీ అడ్రస్ మీరే ఇచ్చుకోండి. రౌటర్ 192.168.1 వరసలో ఉంటే అందులో ఎవరికీ ఇవ్వని నంబరు ఒకటి తీసుకోండి, రౌటర్ తనంతట తాను పంచే నంబర్ల పరిధికి బయట ఉండాలి. పాత మెషిన్‌కి ఇంటర్నెట్ దారి రౌటర్ దగ్గరే మూసెయ్యండి. ఎఫ్‌టీపీలో పాస్‌వర్డ్ కూడా దాపరికం లేకుండా వైరు మీద పోతుంది. అది ఆఫీసు గోడలు దాటకూడదు.

గద్వాల_486

గడియారం సంగతి కూడా చూడాలా అన్నా? నా 486లన్నిటిలో సీమోస్ బ్యాటరీ పోయింది, ఆన్ చేసిన ప్రతిసారీ తారీఖు వెనక్కి పోతుంది. ఫైలు తేదీలు తప్పుగా వెళ్తే ఆడిటర్ ఒప్పుకోడు కదా.

పాత_తీగ (మహబూబ్‌నగర్)

వీఎల్‌ఎం సర్వర్‌కి కలవగానే వర్క్‌స్టేషన్ టైం సర్వర్ టైంకి సరి చేస్తుంది తమ్మీ, డిఫాల్ట్‌గానే. సర్వర్ టైం సరిగ్గా ఉంటే చాలు.

సూర్యాపేట_సర్వీస్

ఇక వైరు సంగతి ఎవరూ మాట్లాడలేదు. పాత నెట్‌వర్క్ కోయాక్స్ మీద, కొత్త పీసీ ఆర్‌జే45 మీద. మీ కార్డుకి రెండు సాకెట్లున్నా ఒకసారికి ఒకటే పని చేస్తుంది. కాబట్టి రెండు వైర్లనీ ఒకటి చేయాలి. బీఎన్‌సీ పోర్టు ఉన్న పాత 10 ఎంబీపీఎస్ హబ్ ఒకటి వెతకండి. సికింద్రాబాద్ సీటీసీలో పాత సామాను దుకాణాల్లో అడిగి చూడండి. హబ్ బీఎన్‌సీని కోయాక్స్‌కి, దాని ఆర్‌జే45 పోర్టుని కొత్త స్విచ్‌కి కలపండి. 10 ఎంబీపీఎస్‌లో మాట్లాడే స్విచ్ అయి ఉండాలి, మామూలు గిగాబిట్ స్విచ్‌లు చాలావరకు మాట్లాడతాయి. ఐపీఎక్స్ రౌటర్ దాటదు కానీ హబ్, స్విచ్ దాటుతుంది. వాటికి లోపలి ప్రోటోకాల్‌తో పని లేదు.

కోయాక్స్ ముట్టుకుంటున్నారు కాబట్టి ముందు దాన్ని కొలవండి. అన్ని మెషిన్లూ ఆపి, ఒక టీ కనెక్టర్ దగ్గర మధ్య పిన్నుకి, బయటి షీల్డ్‌కి మల్టీమీటర్ పెట్టండి. రెండు చివరల్లో 50 ఓమ్స్ టర్మినేటర్లు (వైరు చివర బిగించే రెసిస్టర్ మూతలు) బాగుంటే సుమారు 25 రావాలి. 50 వస్తే ఒక టర్మినేటర్ పోయింది, లేదా మధ్యలో ఎక్కడో వైరు తెగింది. సున్నాకి దగ్గరగా వస్తే ఎక్కడో షార్ట్. వైరు మీద ఆర్‌జీ58 అని రాసి ఉండాలి. ఊళ్లో కేబుల్ టీవీ వాళ్ల దగ్గర దొరికే వైరు 75 ఓమ్స్, చూడ్డానికి అలాగే ఉంటుంది, దాన్ని మధ్యలో అతికించొద్దు. మొత్తం పొడవు 185 మీటర్లు దాటకూడదు. మిల్లుల్లో కాటా రూము గేటు దగ్గరుంటుంది, ఆఫీసు లోపలుంటుంది, కాబట్టి ఇది కూడా చూసుకోండి. ఎర్తింగ్ ఒక్క చోటే ఇవ్వాలి. రెండు చివరలా ఇస్తే మోటార్లు స్టార్ట్ అయినప్పుడల్లా షీల్డ్‌లో కరెంటు పారుతుంది.

మిల్లుకాటా (మిర్యాలగూడ)

హబ్ దొరికింది, ఆదివారం మిల్లు ఆగినప్పుడు అంతా చేశాం. జరిగింది రాస్తున్నా, ఇంకొకరికి పనికొస్తుంది.

ముందు కోయాక్స్ కొలిస్తే 50 వచ్చింది. టర్మినేటర్లు విప్పి విడివిడిగా కొలిస్తే ఆఫీసు చివరది ఓపెన్ చూపించింది. పైకి బాగానే ఉంది, లోపల తెగింది. కొత్తది పెట్టాక 25కి వచ్చింది. ఎండాకాలంలో అప్పుడప్పుడూ లాగిన్ పోతూ ఉండేది, దానికి కారణం ఇదే అయి ఉంటుంది. కాటా రూములో టీ కనెక్టర్ల మీద వేలు పెడితే మెత్తగా ఊక దుమ్ము అంటింది, అవన్నీ ఐసోప్రొపైల్‌తో తుడిచాం.

తర్వాత పాత_తీగ సార్ చెప్పిన వరసలోనే వెళ్లాం. నెట్ డాట్ సీఎఫ్‌జీలో రెండో ఫ్రేము చేర్చి, ముందు ఉత్త నెట్‌వేర్ లేస్తుందో లేదో చూశాం. లేచింది. ఎన్‌ఈ2000 డ్రైవర్ లోడ్ అయ్యేటప్పుడు ఇప్పుడు రెండు ఫ్రేములూ వరసగా స్క్రీన్ మీద కనిపిస్తున్నాయి. దాని తర్వాత ఓడీఐపీకేటీ 1, 96 ఇచ్చాం. కొత్త పీసీకి పింగ్ వెంటనే వెళ్లింది. ఎఫ్‌టీపీ మాత్రం కలవలేదు, కొత్త పీసీలో విండోస్ ఫైర్‌వాల్ ఆపింది. అందులో పెట్టిన ఫైల్‌జిల్లా సర్వర్‌కి (ఎఫ్‌టీపీ ఫైళ్లు అందుకునే ప్రోగ్రాం) ప్రైవేట్ నెట్‌వర్క్‌లో మాత్రమే అనుమతి ఇచ్చాక కలిసింది.

లోడ్‌హైతో పైకి పంపాక కాటా ప్రోగ్రాంకి కావాల్సినంత మెమరీ మిగిలింది, మామూలుగానే లోడ్ అయింది. ఖాళీ ట్రాక్టర్‌ని కాటా మీద ఎక్కించి దించి బరువులు పోల్చాం, ఇండికేటర్ చూపించిందీ స్క్రీన్ మీద వచ్చిందీ ఒకటే. సాయంత్రం బైనరీ పెట్టి ఎంపుట్ (చాలా ఫైళ్లు ఒకేసారి పంపే కమాండ్) ఇస్తే సీజన్ ఫైళ్లన్నీ టీ తాగేలోపే వెళ్లిపోయాయి. కొత్త పీసీలో తెరిచి మొత్తం క్వింటాళ్లు కలిపి చూశాం, సర్వర్ రిపోర్టుతో సరిపోయింది.

మా ఆపరేటర్‌కి ఇంక ఫ్లాపీ పట్టుకుని ఎండలో మిల్లు ఆ చివర నుంచి ఈ చివరకి నడిచే పని లేదు. అందరికీ పేరు పేరునా కృతజ్ఞతలు.

కోదాడ_ఐటీ

చాలా సంతోషం అన్నా. ఇప్పుడు ఫైళ్లు రోజూ కొత్త పీసీలోకి వస్తున్నాయి కాబట్టి కొత్త సాఫ్ట్‌వేర్ రాయించేటప్పుడు పోల్చుకోవడానికి అసలైన డేటా మీ చేతిలోనే ఉంటుంది. అది పెద్ద లాభం.

వనపర్తి_ల్యాబ్

ఈ వారంలోనే 486 హార్డ్‌డిస్క్‌కి, సర్వర్ డిస్క్‌కి పూర్తి ఇమేజ్ తీసి పెట్టండి. 486 డిస్క్ స్థానంలో ఐడీఈ అడాప్టర్‌తో కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు పెట్టుకోవచ్చు, కదిలే భాగాలు ఉండవు కాబట్టి దుమ్ము బాధ తక్కువ. అలాంటి పాత బయోస్‌లు చాలావరకు 504 ఎంబీ దాటి చూడవు, చిన్న కార్డే తీసుకోండి.

మిల్లుకాటా (మిర్యాలగూడ)

తప్పకుండా మేడం. ఇంకొక్కటి అడుగుతా. ఇదే పద్ధతి ఆ డిస్క్ లేని మెషిన్లలో ఒకదానికి కూడా పెట్టి ఉంచొచ్చా? కాటా పీసీ ఆగిన రోజు అక్కడి నుంచైనా ఫైళ్లు పంపుకోవచ్చని.

పాత_తీగ (మహబూబ్‌నగర్)

పెట్టొచ్చు. అవి లేచే బూట్ ఇమేజ్ సర్వర్‌లో సిస్ వాల్యూమ్, లాగిన్ డైరెక్టరీలో నెట్$డాస్ డాట్ సిస్ పేరుతో ఉంటుంది. ముందు దాన్ని వేరే పేరుతో కాపీ చేసి ఉంచండి. మొదట ఆ ఇమేజ్ తయారు చేసిన బూట్ ఫ్లాపీ దొరికితే అందులో నెట్ డాట్ సీఎఫ్‌జీ మార్చి, ఓడీఐపీకేటీ చేర్చి, డాస్‌జెన్‌తో (బూట్ ఫ్లాపీ నుంచి ఇమేజ్ చేసే నోవెల్ ప్రోగ్రాం) ఇమేజ్ మళ్లీ చేయండి. ఎంటీసీపీ ప్రోగ్రాములు ఫ్లాపీలో ఇరికించక్కర్లేదు, ఎఫ్ డ్రైవ్‌లో ఉంచి అక్కడి నుంచే నడపొచ్చు. రెండు మెషిన్లూ ఒకే ఇమేజ్‌తో లేస్తుంటే ఇద్దరికీ ఒకే ఐపీ అడ్రస్ రాకుండా చూసుకోండి, ఎంటీసీపీ కాన్ఫిగ్ ఫైలు ఒక్కో మెషిన్‌కి విడిగా పెట్టండి. ఆ మెషిన్లకి కాటా ఇండికేటర్ లేదు కాబట్టి కార్డు ఏ ఇంటరప్ట్‌లో ఉన్నా ఇబ్బంది లేదు, ఇప్పుడున్నదే ఉంచండి.

ఆ బూట్ ఫ్లాపీ దొరక్కపోతే చెప్పండి, ఇమేజ్‌లోంచి ఫైళ్లు బయటికి తీసే పద్ధతి రాస్తాను.